పాప కంటికి పంపిన మందు

ఖతార్‌లోని మెసయీద్‌లో మేముండే కంపెనీ ఇళ్ళల్లో ఎవరైనా సెలవు మీద ఇండియా వెళ్తున్నారంటే, ముందుగా వాళ్ళ హాల్లో నేల మీద ఒక పాత దుప్పటి పరిచేవాళ్ళు. వీధిలో వాళ్ళంతా తెచ్చిచ్చే ప్యాకెట్లు పెట్టడానికి. ప్రతి ప్యాకెట్ మీదా ఊరు, అందుకునే మనిషి పేరు మార్కర్‌తో రాసి ఉండేవి. అత్తరు సీసాలు, సబ్బులు, నొప్పుల బామ్, పాలపొడి డబ్బాలు. వీటన్నిటికన్నా ఎక్కువ మందులే ఉండేవి. కంపెనీ క్లినిక్‌లో మాకు మందులు ఊరికే ఇచ్చేవాళ్ళు. అందుకని సెలవుల ముందు మా వీధిలో ఎవరికీ రాని దగ్గు వచ్చేది, ఎవరికీ లేని కళ్ళకలక మొదలయ్యేది. డాక్టరు తల ఎత్తకుండా రాసిచ్చేవాడు. ఆ చీటీ మందై, ప్యాకెట్టై, దుప్పటి మీదికి చేరేది.

నేనేం తక్కువ తినలేదు. నేను ఆ క్లినిక్ లేబరేటరీలో టెక్నీషియన్ని. చీములో, ఉమ్మిలో ఉన్న సూక్ష్మజీవుల్ని పెంచి, అవి ఏ మందుకు లొంగుతాయో చూసి రాసివ్వడం నా డ్యూటీ. ఆ దుప్పటి మీదికి చేరే మందుల్లో సగం చేటు చేసేవేనని వీధి మొత్తంలో అందరికన్నా నాకే బాగా తెలియాలి. తెలుసు కూడా. తెలిసే, మా అమ్మాయికి కళ్ళు ఎర్రబడ్డాయని అబద్ధం చెప్పి ఏడాదిలో నాలుగుసార్లు చుక్కల మందు రాయించుకున్నాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురి కోసం.

ఆ అమ్మాయిది కడప జిల్లా, రాజంపేట దగ్గర పల్లె. నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నది. భర్త ఇంకొకామెను చూసుకుని వెళ్ళిపోతే, అత్త కొడుకు వైపు నిలబడకుండా కోడలి వైపు నిలబడింది. రెండేళ్ళ పాపను ఆ అత్త చేతిలో పెట్టి ఈమె మా ఇంటికి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ దేశం ఏదైనా కువైటే. నేను డ్యూటీకి వెళ్తే మా అమ్మాయిని చూసుకునేది ఈమే. మా అమ్మాయికి అన్నం కలిపి పెడుతూ, "మా పాపకు గూడా ఇట్లనే పప్పంటే పానం" అనేది. నేను విననట్టు పత్రిక తిరగేసేదాన్ని. విని ఏమనాలి?

వాళ్ళ ఊరి నుంచి ఉత్తరాలు వచ్చేవి కావు, క్యాసెట్లు వచ్చేవి. రాయడం రాని ఇంట్లో అదే సులువు. ఊళ్ళో ఎవరింటో టేపురికార్డరు ముందు కూర్చుని అత్త మాట్లాడేది, పాప చేత ఏదో ఒకటి పలికించేది. అలాంటి ఒక క్యాసెట్‌లోనే మొదటిసారి విన్నాం, పొద్దున లేస్తే పాపకు రెప్పలు అతుక్కుపోతున్నాయని, పుసి కారుతోందని. నేను చుక్కల మందు పంపాను. తర్వాతి క్యాసెట్‌లో నయమైపోయిందన్నారు. మూడు నెలలకు మళ్ళీ వచ్చిందన్నారు. నేను మళ్ళీ పంపాను. అలా నాలుగు సీసాలు వెళ్ళాయి, వాటితోపాటు పాలపొడి డబ్బాలు. పంపిన ప్రతిసారీ నేను చాలా మంచిదాన్నని నాకనిపించేది. ఆ అమ్మాయి కూడా పదిమందిలో అలాగే చెప్పేది. అది వినడానికి బాగుండేది.

రెండేళ్ళు నిండాక ఆమె నెలన్నర సెలవు మీద ఊరికి వెళ్ళింది. మే నెలాఖరులో తిరిగి వచ్చింది. గడపలోకి రాగానే చూశాను, రెండు కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏంటా కళ్ళు?" అన్నాను.

"పాపకు ఉండాది గదక్కా. దాన్ని ఎత్తుకోకుండా ఎట్లుంటా? నాగ్గూడా అంటుకునింది."

మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు వంటింట్లోనే కూర్చోబెట్టి, దూది చుట్టిన పుల్లతో ఆమె కంటి పుసి తీసి లేబరేటరీకి పట్టుకెళ్ళాను. మేం చేసే పని చెప్పడానికి తేలిక. ఆ పుసిలోని క్రిముల్ని గాజు పళ్ళెంలో తిండి పెట్టి పెంచుతాం. పళ్ళెం నిండా పరిచి, పైన బొట్టుబిళ్ళంత కాగితపు బిళ్ళలు పెడతాం. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు ఉంటుంది. మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. పనిచేయకపోతే బిళ్ళ అంచుదాకా దట్టంగా పెరుగుతాయి.

రెండో రోజు పళ్ళెం తీసి చూస్తే, నేను ఏడాదిగా పంపిన మందు బిళ్ళ చుట్టూ ఖాళీ లేదు. వెంట్రుకవాసి కూడా లేదు. దాని పక్కన, అందరూ వాడే రెండో మందుదీ అదే పరిస్థితి. కొత్తగా వచ్చిన ఒక్క మందు చుట్టూ మాత్రం వెడల్పుగా తేటగా ఉంది. మా లేబరేటరీకి పెద్ద ఒక సూడాన్ దేశపు డాక్టరు. నా భుజం మీదుగా వంగి చూసి, మొదటి బిళ్ళ మీద పెన్సిల్‌తో కొట్టి, "మాఫీ ఫాయిదా, సిస్టర్" అన్నాడు. లాభం లేదని. ఎవరి కన్ను అని అడిగాడు. మా పనమ్మాయిదని చెప్పాను. ఆ మందును ఎవరో సరిగ్గా వాడలేదు, చాలాసార్లు వాడలేదు అన్నాడు. ఎవరో కాదు, పంపింది నేనేనని చెప్పలేదు.

ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే అడిగాను. ఆమె దాచకుండా చెప్పింది. దాచవలసిన పని అని ఆమెకు తెలియదు. సీసాను దేవుని గూట్లో పెట్టుకున్నారట. ఎరుపు తగ్గగానే ఆపేసేవాళ్ళట. మిగిలింది మళ్ళీ వచ్చినప్పటికి. ఆడబిడ్డ పిల్లలకు రెండు చుక్కలు, ఎదురింటి పిల్లకు రెండు చుక్కలు, అడిగినవాళ్ళకల్లా రెండు చుక్కలు.

"అంత మంచి మందు ఒగేసారి పోసేస్తామా అక్కా?"

"చీటీ రాశాను కదా! రోజుకు నాలుగుసార్లు, వారం రోజులు, తర్వాత పారేయమని రాశానా లేదా?"

"చీటీ సదివేదానికి మా యింట్లో ఎవురుండారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. క్రిముల్ని సగం చంపి వదిలేస్తే మిగిలినవి ఆ మందుకు రాటుదేలతాయని, ఇక దానికి లొంగవని, మీ వీధి మొత్తం కలిసి వాటిని పెంచి పోషించారని అరిచాను. పాలపొడి ఏమైందన్నాను. చుట్టాలొచ్చినప్పుడు టీకి వాడారట, ఆడబిడ్డ కొడుక్కి కలిపారట. పాపకేం పెడుతున్నారంటే గంజి, బువ్వ అంది. పాప ఎలా ఉందంటే మాత్రం మంచం అంచున కూర్చుని మెల్లగా చెప్పింది.

"సన్నగా ఉండాదక్కా. కడుపొకటే కనబడతాది. ఎంటికలు రాగి రంగైనాయి. సందె పడితే గోడ పట్టుకోని నడుచ్చాది. కంటి తెల్లగుడ్డు మీద ఓ పక్క నురగ మాదిరి ఉండాది, తుడిచ్చే పోదు."

నేను చదువుకున్న పుస్తకంలో ఆ నురగ బొమ్మ ఉంది. తిండిలో విటమిన్ ఎ లేక కన్ను ఎండిపోతున్న పిల్లలకు వచ్చేది అదే. అలాంటి కంటికి పుసి పడితే తల్లికి మానినట్టు మానదు. నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, పుండు మానితే పువ్వు మిగులుతుంది, ఆ కన్ను ఇక చూడదు. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. వినీ వినగానే చేతులు జోడించింది. "నా బిడ్డ కన్ను నిలబెట్టక్కా" అంది.

కొత్త మందుతో ఆమె కళ్ళు వారానికే తేటబడ్డాయి. నాకు ధీమా వచ్చింది. అదే మందు రెండు సీసాలు, విటమిన్ గుళికలు, పాలపొడి డబ్బా కలిపి ప్యాకెట్ చేశాను. ఈసారి చీటీ మీద చదువు రానివాళ్ళ కోసం సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేశాను. ఆ ఊళ్ళో ఒక కిరాణా కొట్టుకు ఫోన్ ఉండేది. ఫోన్ చేసి అత్తను పిలిపించి, నేనే మాట్లాడాను.

"ఇదిగో అమ్మా, శ్రద్ధగా విను. ఆ పాత మందు ఇక ఒక్క చుక్క కూడా వేయొద్దు. షాపులో ఇచ్చేవీ వద్దు, ఊళ్ళోవాళ్ళ పసర్లూ వద్దు. నేను పంపే మందు వచ్చేదాకా కాచి చల్లార్చిన నీళ్ళతో తుడువు, చాలు. అర్థమైందా?"

"అట్లనేమ్మా. నువ్వు సెప్పినాక ఇంకేముండాది. మందొచ్చేదాకా ఏమీ ఏయను."

సరిగ్గా చెప్పానని నా నమ్మకం. ఫోన్ పెట్టేసి, అరగంట సేపు నా మీద నాకే ముచ్చటేసింది. రోజూ మునగాకో, తోటకూరో, ఒక గుడ్డో పెట్టమని ఆ ఫోన్‌లో ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. గుళికలు వస్తున్నాయి కదా అనుకున్నాను. అక్కడ ఉన్నవాళ్ళకు పంపడమే తెలుసు మాకు.

ప్యాకెట్ వదినగారికి ఇచ్చాను. వరస కలుపుకుని అలా పిలిచేదాన్ని. మావారి మేనేజరు గారి భార్య ఆవిడ. మాదీ ఆవిడదీ పక్కపక్క తాలూకాలు. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మకు వీసా రాకపోతే, పదకొండు రోజులు కారం పొడులు కొట్టి, పథ్యం వండి, క్యారియర్‌లో మా ఇంటికి తెచ్చిన మనిషి. నా నెత్తి దువ్వి జడ వేసిన మనిషి. మా వీధిలో ఎవరినైనా నమ్మని రోజు ఉందేమో గాని ఆవిణ్ణి నమ్మని రోజు లేదు. వాళ్ళ హాల్లో దుప్పటి అప్పటికే నిండిపోయింది. నేను పాప సంగతంతా చెప్పాను, కన్ను పోయే ప్రమాదం ఉందని చెప్పాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్యాకెట్‌ను దుప్పటి మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుంది.

"నా చీరలు తీసేసైనా ఇది పెడతాను. దిగిన మర్నాడే రిజిస్టర్ పోస్టులో పంపిస్తాం. నువ్వు నిశ్చింతగా ఉండు."

నిశ్చింతగానే ఉన్నాను. జూలై, ఆగస్టు గడిచాయి. బళ్ళు తెరిచే వేళకు వాళ్ళు తిరిగి వచ్చారు. వదినగారు నాకు గోంగూర పచ్చడి తెచ్చింది. గుమ్మంలోనే అడిగాను.

"పంపకపోవడమేంటి! మర్నాడే మీ అన్నయ్యగారు వెళ్ళి రిజిస్టర్ చేయించారు."

ఆ సాయంత్రమే మా అమ్మాయి ఆయా, అంటే పాప తల్లి, ఊరికి ఫోన్ చేసింది. మందు రాలేదంది అత్త. ప్యాకెట్టే రాలేదంది. పాప ఎలా ఉందంటే ఒక దినం బాగుంటాది, ఒక దినం బాగుండదు అంది. నేను పక్కనే ఉన్నాను. గతంలో చుక్కలు పంచిపెట్టిన ఇల్లు, పాలపొడి టీలో కలుపుకున్న ఇల్లు. నాకు అనుమానం కలగడానికి క్షణం పట్టలేదు. ఫోన్ లాక్కున్నాను.

"రిజిస్టర్ పోస్టు గాల్లో కలిసిపోదు. సంతకం పెట్టి తీసుకుని ఉంటారు. మనవడికి వేశావా? ఊళ్ళో పంచిపెట్టావా? ఆ పిల్ల కన్నుతో ఆడుకుంటున్నావు నువ్వు."

అటువైపు నుంచి "దేవుని తోడు, రాలేదుమ్మా" అంది ముసలావిడ.

నేను విసురుగా పెట్టేశాను. పాప తల్లి గోడకు ఆనుకుని ఏడ్చింది. కొడుకును కాదని నా వైపు నిలబడిందని పూజించాను, ఇంత పని చేస్తుందా అని. ఇక ఆ మనిషితో మాట్లాడనంది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. వారం వారం చేసే ఫోన్ మానేసింది. నేను మానొద్దని అనలేదు. అలాంటివాళ్ళకు అదే మందు అన్నాను.

పది పన్నెండు రోజులకు వినాయక చవితి. మా వీధి తెలుగువాళ్ళంతా వదినగారింట్లో చేరాం. పత్రి దొరకని చోట కొత్తిమీర, పుదీనా కట్టలతోనే పూజ. ఆవిడ ఉండ్రాళ్ళు దింపుతూ, పెరుగు తెచ్చిపెట్టమని నన్ను పంపింది. ఫ్రిజ్ తలుపు తీశాను. లోపలి వైపు గుడ్లు పెట్టుకునే అరలో, రెండు గుడ్ల పక్కన, రెండు చిన్న సీసాలు. రబ్బరు బ్యాండు వేసి మడిచిపెట్టిన కాగితం. కాగితం మీద సగం సూర్యుడు కనబడుతున్నాడు. నా గీత నేను గుర్తుపట్టనా!

ఒక సీసా సీలు తీయలేదు. ఇంకోటి సగం ఉంది.

వెనక్కి తిరిగేసరికి ఆవిడ నిలబడి ఉంది. చేతికి పిండి. నన్ను చూసింది, అరను చూసింది. తలుపు నేనే మూశాను.

"సూట్‌కేస్ బరువెక్కువైందమ్మా" అంది నెమ్మదిగా. "ఆఖరి నిమిషంలో మీ అన్నయ్యగారు కొన్ని తీసి పక్కన పెట్టారు. అది అందులో ఉందని విమానం ఎక్కాక తెలిసింది. వచ్చాక చెబుదామనుకున్నాను. నువ్వు గుమ్మంలోనే అడిగేశావు, ముఖం చెల్లక అలా అనేశాను."

"ఒక సీసా సగమే ఉంది."

"మా బాబుకు కళ్ళు ఎర్రబడితే రెండు రోజులు వేశాను. తగ్గిపోయింది, ఆపేశాను." తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు, "అయినా మన దేశంలో మందులకేం కరువా? ఈపాటికి ఎక్కడో చూపించే ఉంటారులే" అంది.

ఆవిడ చీరలన్నీ వెళ్ళాయి. అత్తరు సీసాలు వెళ్ళాయి. మేనేజరు గారి తమ్ముడికి పెద్ద టేపురికార్డరు వెళ్ళింది. చెంప పగలగొట్టాలనిపించింది నాకు. అదే క్షణంలో పదకొండు రోజుల పథ్యం గుర్తొచ్చి ఇంకా కడుపు మండింది. మంచి చేసినవాళ్ళ చేతిలో మోసపోవడమంత చేదు ఇంకొకటి లేదు, తిట్టడానికి కూడా నోరు రాదు. సీలు తీయని సీసా, నా కాగితం తీసి పర్సులో వేసుకున్నాను. పెరుగు గిన్నె తీసుకెళ్ళి హాల్లో పెట్టి, తలనొప్పి అని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మావారు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నారు. జరిగింది చెప్పాను. ఆ అమ్మాయికి ఇప్పుడే చెప్పేస్తానన్నాను. ఆయన లేచి వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"చెబితే అది వీధంతా చెప్తుంది. వచ్చే నెల నా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని రాసేది వాళ్ళాయనే. తెలుసుగా?"

"ఒక పిల్ల కన్ను సంగతండీ."

"ఇంకో సీసా పంపు. కన్నుకు కావలసింది మందే గాని ఎవరు దొంగో కాదు కదా."

మావారు చెడ్డమనిషి కాదు. అందుకే ఆ మాట నన్ను అంతగా గుచ్చుకుంది. నాతో వాదించకుండా, అరవకుండా, లెక్క ప్రకారం సరైన మాట చెప్పినట్టు చెప్పి స్నానానికి వెళ్ళిపోయారు. వదినగారు మోసం చేసింది, ఈయన మోసం చేశాడు అని ఆ పూట మంచం మీద పడుకుని లోలోపల రగిలిపోయాను. లేచాక వంటింట్లోకి వెళ్ళి ఆ అమ్మాయితో నేనన్న మాటలు ఇవి:

"ఇంకో ప్యాకెట్ పంపుదాం. ఈసారి మీ అత్త చేతికి చిక్కకూడదు."

"మా యన్నకు పంపుదామక్కా" అంది. ముఖం వెలిగింది. "నువ్వు దేవతవు."

సెలవుల కాలం దాటిపోయింది, వెళ్ళేవాళ్ళు దొరకలేదు. మా పక్క పట్నం అల్ వక్రాలో ఒక అరబ్బు ఇంట్లో కారు నడిపే డ్రైవరు, ఈ అమ్మాయి పక్క ఊరివాడు, నాలుగైదు రోజుల్లో వెళ్తున్నాడని మూడు వారాలకు తెలిసింది. ఆ శుక్రవారమే చేపలకు వెళ్ళినప్పుడు, అక్కడి పడవల రేవు దగ్గర అతని చేతికి ప్యాకెట్ ఇచ్చాం. సంచిలో వేసుకుంటూ, "నేను మరిచిపోను మేడమ్" అన్నాడు. నిజంగానే మరిచిపోలేదు. దిగిన రెండో రోజే ఇచ్చి వచ్చాడని తర్వాత తెలిసింది.

ఆ మూడు వారాలూ, తర్వాత నెలంతా, పాప తల్లి అత్తను తిడుతూనే ఉంది. గిన్నెలు తోముతూ తిట్టేది, మా అమ్మాయికి జడ వేస్తూ తిట్టేది. నేను వింటూ ఉండేదాన్ని. రోజూ చెప్పాలనుకునేదాన్ని. రోజూ మాట మింగేసేదాన్ని. మావారి కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగించారు. వదినగారు స్వీట్లు పంపింది. ఆ అమ్మాయి వాటిని పళ్ళెంలో సర్ది నాకు తెచ్చిచ్చింది.

అక్టోబరు చివర డ్రైవరు తిరిగి వచ్చాడు. ఒక క్యాసెట్ తెచ్చాడు, మీ అత్త ఇచ్చిందని. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింట్లో వాషింగ్ మెషీన్ మీద టేపురికార్డరు పెట్టి మీట నొక్కింది. "ఏం బొంకుతాదో సూద్దాం" అంటూ. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎప్పుడూ క్యాసెట్ మొదట్లో పాప గొంతు వినిపించేది. ఈసారి అత్తే మొదలుపెట్టింది.

"నేనేమ్మే, మీ యత్తను. నువ్వు ఫోన్ సేయడం ఇడిసిపెడ్తివి. కొట్టు కాడికి పోయి పోయి కాళ్ళు పడిపాయె. నీ బిడ్డకు కుడికంట్లో పువ్వేసింది. మీ యన్న మందు తెచ్చేతలికే తెల్లంగా అయిపాయింది. రెండు దినాలు పోసి, రాజంపేటకు ఎత్తకపోతిమి. డాక్టరు నన్ను తిట్నాడు, ఇన్ని నెల్లు ఏం సేచ్చాంటివని. ఏం సేయాలమ్మే? మీ మేడమ్ మందొచ్చేదాకా ఏం మందూ ఏయొద్దనె. నేనేయలా. నీళ్ళతోనే తుడిచ్చి. పసురు పోచ్చామని వచ్చినోళ్ళను గూడా వాకిట్లోనే నిలబెడ్తి. కువైటు సీసా సూపిచ్చే ఆ డాక్టరు ఏమన్యాడో తెలుసునా? ఇదే మందు ఈడ ప్రెతి మందుల అంగట్లో ఉండాది, దీని కోసరమా కాసుకోనుండేది అన్యాడు. ఇంగో కన్ను బాగుండాది. గుళికలు మింగిచ్చాన్నా. నువ్వు నన్ను దొంగంటివి. మీ మేడమ్ దొంగనె. నేను దొంగిలించింది ఏందో సెప్పు."

టేపు తిరుగుతూనే ఉంది, మాటలు లేవు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. ఏడవడం లేదు. ఏదో కూడుకుంటున్నట్టు నన్నే చూస్తోంది. ఇక నా వల్ల కాలేదు.

"మీ అత్త తీసుకోలేదు" అన్నాను. "మొదటి ప్యాకెట్ అసలు వెళ్ళనే లేదు. వదినగారింట్లో ఉండిపోయింది. వాళ్ళ ఫ్రిజ్‌లో చూశాను."

"ఎప్పుడు జూస్తివి?"

"చవితినాడు."

ఆమె టేపు ఆపింది. తర్వాత, "చవితినాడే సెప్పింటే నేను మా యత్తతో మాట్లాడిందును గదక్కా. మాట్లాడింటే ఆయమ్మ సెప్పిండును, కన్ను ఎట్లుండాదో" అంది.

క్షమించమన్నాను. మావారి ఉద్యోగం సంగతి చెప్పాను. వదినగారు అబద్ధం ఆడిందన్నాను. నేనూ మోసపోయానన్నాను, నన్నూ అందరూ మోసం చేశారన్నాను. ఆ మాటలు నా నోట్లోంచి వస్తుంటే నాకే సిగ్గేసింది, అయినా ఆపలేకపోయాను. ఆమె వింటున్నదో లేదో తెలియలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, మా దగ్గరున్న తన పాస్‌పోర్టు ఇప్పించమని, ఈ వారంలోనే పోతానని అంది. సరేనన్నాను.

"ఆ మందు పేరేందక్కా?" అంది అప్పుడు.

"ఎందుకు?"

"సెప్పు."

"సిప్రోఫ్లాక్సాసిన్."

ఆమె పెదవులు కదిపి పలకబోయింది. మొదటిసారి నాలుక మడతపడింది. రెండోసారి సగం పలికింది. మూడోసారి మెల్లగా, ముక్క ముక్క కలిపి, మొత్తం సరిగ్గా పలికింది.

"ఇంతేనా?" అంది. "మా యత్తతో అంతసేపు ఫోన్లో మాట్లాడితివి గదక్కా. ఈ ఒక్క పేరు సెప్పేదానికి ఎంతసేపు పట్టిండును?"